పొద్దు గుంకేలోగా చెప్పాల్సిన మాట

రండమ్మా, దగ్గరికి రండి. వెనక కూర్చున్నవాళ్ళు కూడా కాస్త ముందుకు జరగండి. పోయిన వారం గొంతెత్తి చెప్పాను, మీరూ కడుపుబ్బ నవ్వారు. ఈ వారం చెప్పేది గొంతెత్తి చెప్పే మాట కాదు.

ఎక్కడ ఆపాను? మా తిప్పయ్య మెడలో బంతిపూల దండతో బస్సు దిగిన దగ్గర కదూ. అప్పుడు లేనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మూడేళ్ళుగా మా మండలంలో వేరుశనగ చేతికి రాలేదు. అయినా కరువు మండలాల జాబితాలో మా మండలం లేదు. అదేమని గ్రామసభలో అడిగితే విష్ణువర్ధన్ మైకు పట్టుకున్నాడు. భూమీ పదవీ రెండూ మూడు తరాలుగా ఉన్న ఇల్లు వాళ్ళది. "కరువు యాడుండాదప్పా? ఉంటే లేచి నిలబడమను, చూస్తాం" అన్నాడు. నా ఒక్కగానొక్క కొడుకు తిప్పయ్య ఆ మాట పట్టుకున్నాడు. అనంతపురం పోయి నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాయించాడు, పేపర్లో ప్రకటన వేయించాడు, గెజిటులో అచ్చు వేయించాడు. మా మామ పేరు పెట్టుకున్న తిప్పయ్య కాస్తా సర్కారు ముద్రతో 'కరువు' అయి వచ్చాడు. మరుసటి గ్రామసభలో అధికారి హాజరు పిలిచాడు.

"కరువు!"

"ఉండాను సార్!" అని లేచి నిలబడ్డాడు మా వాడు.

సభంతా గొల్లుమంది. విష్ణువర్ధన్ కూడా తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ప్రమాణపత్రం మీద సాక్షి సంతకం కూడా నాదే. వయోజన బడిలో నేర్చుకున్న మూడక్షరాలూ వంకర పోకుండా పెట్టాను. బయమ్మ.

ఆ నవ్వు ఎంత దూరం పోయిందో ఇప్పుడు వినండి.

మా ఇంటికి ఊళ్ళో ఒక మర్యాద ఉంది. విత్తనం వేసే రోజు ఎద్దులకు గొర్రు కట్టకముందు మొదటి పిడికెడు గింజలు మా ఇంటి మగవాడి చేత్తో పడాలి. ముందు మా మామ చెయ్యి, తర్వాత మా ఆయన ఓబులేసు చెయ్యి, ఆయన పోయాక తిప్పయ్య చెయ్యి. 'మంచి చెయ్యి' అంటారు. నేల నానే పదును వాన పడితే చాలు, మా గడప ముందు పిలిచేవాళ్ళు వరుస కట్టేవాళ్ళు. ఈ ఏడు వాన పడింది. ఒక్కరూ రాలేదు. ముసలి వీరప్పను దారిలో ఆపి అడిగితే, ఆయన మొహం పక్కకు తిప్పుకుని, "ఎగతాళి ఎగతాళే వదినా. కరువును చేన్లోకి పిల్చుకుని పోయి గింజ చల్లించమంటావా?" అన్నాడు. సభలో మా వాడికి ఇంకో దండ వేసింది ఆ వీరప్పే.

ఇంటికొచ్చి ఆ మాట తిప్పయ్యకు చెప్పలేదు. చెప్పకుండా దాచింది అదొక్కటే అయితే బాగుండేది.

ఆశ్రిత తిప్పయ్య కూతురు. దాని తల్లి వనజాక్షి, పిల్లకు ఐదేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. నేనే పెంచాను. ఇంటరు పాసైంది, నర్సు కావాలని దాని కోరిక. కొత్తచెరువు దాటి పుట్టపర్తి పోయే దారిలో ఒక నర్సింగ్ స్కూలుంది. వానకు ముందు ఒక రోజు సీట్లకు పిలిచారు. తిప్పయ్య తాను వస్తానన్నాడు. పిల్ల నా వైపు చూసింది. "నేను పోతాలే నాయనా, నువ్వు చేను దున్నుకో" అన్నాను. తిప్పయ్య గెజిటు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా సంచిలో వేశాడు. "యాడన్నా పేరు తేడా వస్తే ఇది చూపించుమ్మా" అన్నాడు.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. గుమాస్తా కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "పదో తరగతి మెమోలో తండ్రి తిప్పయ్య. రేషన్ కార్డులో తండ్రి కరువు." కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఏం పాపా, ఇద్దరు నాయనలా నీకు?"

వెనక వరుస నవ్వింది. తర్వాత ముందు వరుస కూడా నవ్వింది. ఆశ్రిత తన చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడింది. చెవులు కుంకుమలా అయ్యాయి. చచ్చిపోయిన నా కోడలిని అన్న మాట అది. మీకు తెలుసు కదా.

నా చెయ్యి సంచిలోకి పోయింది. కవరు మడత వేళ్ళకు తగిలింది. తీసి చూపిస్తే సరిపోయేది. కానీ తీస్తే, ఆ పేరు ఎందుకు పెట్టుకున్నాడో నలభై మంది ముందు చెప్పాలి. ఊళ్ళో ఆ కథ చెబుతుంటే నా తల ఎత్తుకునే ఉండేది. ఆ హాల్లో అదే కథ మతిలేని ఇంటి కథ అయిపోయింది. చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

"వాళ్ళ నాయన లేడు సార్" అన్నాను. "పోయినాడు."

గుమాస్తా పెన్ను ఆగింది. నవ్వులు ఆగాయి. "అయ్యో, ముందే చెప్పల్ల గదమ్మా. కూర్చో, కూర్చో" అని కుర్చీ జరిపాడు. ఏదో గడిలో ఏదో రాసుకున్నాడు. కరువు కూతురికి దొరకని కుర్చీ చచ్చినవాడి కూతురికి దొరికింది.

"జేజీ" అంది ఆశ్రిత, గొంతులోనే. నేను దాని చెయ్యి నొక్కిపట్టాను. ఆ పిల్ల తల్లిని దేవుడు తీసుకుపోయాడు. తండ్రిని నేను తీసేశాను.

బస్సులో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దానికి చెప్పినట్టే నాకు నేను కూడా చెప్పుకున్నాను. "పాపా, కాకి తన్నిందనుకో."

మీకు తెలిసిందే ఆ ఆచారం. మనిషి తల మీద కాకి తన్నితే గండం అంటారు. ఆ గండం పోవాలంటే, దూరంలో ఉన్న చుట్టాలకు ఆ మనిషి చచ్చిపోయాడని కబురు పంపాలి. వాళ్ళు నిజంగా ఏడవాలి. ఆ ఏడుపుతో గండం కొట్టుకుపోతుంది, మనిషికి ఆయుష్షు పెరుగుతుంది. మా ఆయన ఓబులేసును కాకి తన్నినప్పుడు రాప్తాడులో ఉన్న మా ఆడబిడ్డకు కబురు పంపాను. ఆ మహాతల్లి జుట్టు విరబోసుకుని, దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చింది. వచ్చి చూస్తే మా ఆయన అరుగు మీద కూర్చుని సంగటి ముద్ద మింగుతున్నాడు. "నీ నోట్లో మన్ను పడ, బతికే ఉండావా!" అని చేతిలో ఉన్న సంచితోనే నాలుగు బాదింది. బాదుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. మా ఆయన ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికాడు.

అదంతా పిల్లకు చెప్పాను. కానీ ఆ ఆచారానికి ఒక కట్టుబాటు ఉంది. అది చెప్పలేదు. పొద్దు గుంకేలోగా నిజం చెప్పెయ్యాలి. పొద్దు గుంకాక కూడా దాచితే, అది ఆచారం కాదు, అబద్ధం.

ఆ రోజు ఇంకా పొద్దుండగానే బస్సు దిగాం. తిప్పయ్య ఎదురొచ్చాడు, కాళ్ళకు దుక్కి మట్టి అట్లాగే ఉంది. "ఏమ్మా, నా పేరు చదివినారా? నవ్వినారా?" అని అడిగాడు. పండగ బట్టలు ఎట్లా ఉన్నాయని అడిగే పిల్లవాడి మొహం.

"నవ్వినారు నాయనా" అన్నాను. అది మాత్రం నిజమే.

ఇంటికి నడిచే దారిలో మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ వాడు ఇంకేదో చెప్పాడు. పొద్దు గుంకింది.

రెండు రోజులకు ఫోన్లో సీటు వచ్చిందని కబురు. హాస్టలు, భోజనం, అన్నీ ఉచితం. తిప్పయ్య ఇల్లిల్లూ తిరిగి చక్కెర పంచాడు. "మార్కులు చూసి ఇచ్చినారు, నా బిడ్డ మార్కులు!" అన్నాడు. తర్వాత విత్తనానికి పిలవకుండా పోయిన ఇళ్ళకు కూడా అప్పుడు పోయి పంచాడు. ఆశ్రిత నాలుక మీద ఆ చక్కెర పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను.

అట్లా పదకొండు రోజులు గడిచాయి. ఆ చివర్లోనే పదును వాన పడింది. పన్నెండో రోజు సాయంత్రం మా వాకిట్లో ముగ్గురం విత్తనాలు సిద్ధం చేస్తున్నాం. తిప్పయ్య, ఆశ్రిత కాయలు ఒలుస్తున్నారు. నేను చాటలో పుచ్చు గింజలు ఏరుతున్నాను. అప్పుడు వచ్చింది రూతు.

రూతు మా ఊరి చివరి వీధి మనిషి. రెండేళ్ళ కిందట ఆమె మొగుడు జయరాం చేన్లో పిడుగు పడి పోయాడు. ఎకరన్నర భూమి, ఒక కూతురు చంద్రిక. చంద్రికా, మా ఆశ్రితా ఒకే బెంచీ మీద కూర్చుని చదివారు.

"అన్నా, రేపు పొద్దున మా చేన్లో విత్తనం. నువ్వొచ్చి చెయ్యి పెట్టల్ల" అంది.

తిప్పయ్య చేతిలో కాయలు ఆగిపోయాయి. "ఊర్లో ఎవురూ పిల్వలేదు రూతమ్మా. నీకు తెల్దా?"

"తెలుసులే అన్నా. పేరు మార్చుకున్నావు గానీ చెయ్యి మార్చుకోలేదు గదా. ఆదివారం ప్రార్థన ప్రార్థనే, చేను చేనే. నువ్వొస్తేనే నేను గొర్రు కట్టేది."

మా వాడు తల వంచుకుని గబగబా కాయలు ఒలిచాడు. కళ్ళు నాకు కనబడకూడదని.

రూతు అరుగు మీద కూర్చుంది. బస్సు దిగి తిన్నగా వచ్చిందట. "ఆ నర్సు స్కూలు కాడికి పోయొచ్చినా. మా చంద్రికకు రాలేదన్నా. నాయన లేని పిల్లలకు ఒకటే సీటంట. దీనికి ముందర ఒక పిల్ల ఉండాదంట, మన మండలం పిల్లే. పోనీలే, ఆ పాప కూడా నాయన లేనిదే గదా. ఎవరి కడుపుకోత వాళ్ళది. మా చంద్రిక మూడు దినాల నుంచి మొహం గోడకు పెట్టుకుని పడుకోనుండాది. ఎవరా పిల్లని అడిగితే కాగితం ఇచ్చినారు. నాకు చదవను రాదు గదా, ఎవురో చూసి చెప్పన్నా." రవికలోంచి మడత కాగితం తీసి తిప్పయ్యకు ఇచ్చింది.

ఆశ్రిత లేవబోయింది. మళ్ళీ కూర్చుంది.

తిప్పయ్య కాగితం విప్పాడు. పెదవులు కదిలాయి, ఆగాయి. మళ్ళీ పైనుంచి కిందికి చదివాడు. తర్వాత కాగితాన్ని ఎట్లా ఉన్న మడతను అట్లాగే పెట్టాడు.

"అద్దాలు లేవు రూతమ్మా. అక్షరాలు చీమల్లా ఉండాయి" అన్నాడు. నలభై ఆరేళ్ళ మా వాడు ఏనాడూ అద్దాలు పెట్టుకున్నవాడు కాదు.

"నిదానంగా చదివి పొద్దున చెప్పులేన్నా" అని రూతు లేచి పోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా వాడు కదల్లేదు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నేనెప్పుడు పోయినా పాపా?"

ఆశ్రిత ఒలిచిన గింజను మళ్ళీ డొల్లలో పెట్టింది.

"తేదీ చెప్పు. కీర్తిశేషులు తిప్పయ్య అని రాసినారు ఈడ. నా తద్దినం నేనే పెట్టుకోవల్లంటే తేదీ కావల్ల గదా."

"నాయనా..."

"నా పేరు చెప్పనీకి సిగ్గేసిందా?"

"నేనే చెప్పినా నాయనా" అంది ఆశ్రిత. నా వైపు చూడనైనా చూడలేదు. "తప్పయింది. నీ పేరుకు కాదు. రెండు కాగితాల్లో రెండు పేర్లుండాయని, ఇద్దరు నాయనలా అని అడిగినారు. అందరూ నవ్విరి. అమ్మను అన్నట్లయ్యె."

తిప్పయ్య నేల మీదికి జారి కూర్చున్నాడు. ఒలిచిన పొట్టు చుట్టూ ఎగిరింది. ఆ పొట్టు వైపు చూస్తూ అన్నాడు: "ఊరంతా నవ్వినప్పుడు విష్ణువర్ధన్‌ను చూసి నవ్వుతాండారనుకున్నా. నా తెలివికి నవ్వుతాండారనుకున్నా. ఆ నవ్వు తిరిగీ తిరిగీ మీ అమ్మ మీదికి వస్తాదని నాకు తట్టలేదు పాపా."

నా నోట్లో నాలుక ఉంది. ఊరి కథలన్నీ చెప్పే నాలుక. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో యాభై ఏళ్ళ కిందటిది కూడా చెబుతుంది. ఆ సాయంత్రం అది కదల్లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల నా తప్పు నెత్తిన ఎత్తుకుంటే, నేను గింజలు ఏరుతూ కూర్చున్నాను. పుచ్చు గింజ మంచి గింజల్లో వేశాను. మంచి గింజ పుచ్చు గింజల్లో వేశాను.

తిప్పయ్య కాగితం మళ్ళీ తీశాడు. "సోమవారం లోపల నేను చచ్చినట్టు సర్టిఫికెట్ ఇయ్యల్లంట. ఇయ్యకపోతే సీటు తర్వాత పిల్లకు పోతాదంట. అంటే చంద్రికకు. మనం ఇయ్యం. అంతే. దానంతట అదే పోతాది. ఎవురికీ ఏమీ చెప్పే పని ల్యా."

నాకు గుండెల మీది రాయి దిగినట్టయింది. దాచను, మీ ముందు నిజమే చెబుతాను. పిల్ల సీటు పోతుందన్న బాధ కంటే, నా మాట బయటికి రాదన్న నిమ్మళమే ముందు కలిగింది.

"పొద్దున రూతత్త అడిగితే ఏం చెప్తావు నాయనా?" అంది ఆశ్రిత.

వాడు విత్తనాల మూట కట్టి లోపలికి పోయాడు.

తెల్లవారింది. రూతు చేనికి ముగ్గురం పోయాం. విత్తనం చెయ్యి పెట్టే రోజు ఇంటి పెద్ద ఆడది చాటతో గింజలు తెచ్చి ఆ మగవాడి పైపంచె ఒడిలో పొయ్యాలి. నా అత్త మా మామకు పోసింది, నేను ముందు మా ఆయనకు, ఆయన తర్వాత నా కొడుక్కు పోశాను. మట్టి చేత్తో పిసికితే ముద్ద అవుతోంది, మంచి పదును. ఎద్దులు గొర్రు దగ్గర నిలబడ్డాయి. ఆశ్రిత గట్టు మీదే ఆగిపోయింది.

నేను పోశాను. తిప్పయ్య తూర్పుకు తిరిగి పిడికెడు గింజలు పట్టుకుని చెయ్యి ఎత్తాడు.

"అన్నా, చదివినావా? ఎవరంట ఆ పిల్ల?" అంది రూతు. ఊరికే అడిగింది, ఎద్దు మెడ నిమురుతూ.

ఎత్తిన చెయ్యి దిగింది. పిడికిలి మాత్రం విచ్చుకోలేదు.

"మా ఆశ్రితే రూతమ్మా" అన్నాడు తిప్పయ్య. "నాయన పోయినాడని చెప్పింది. నీ బిడ్డ సీటు తినేసింది. చిన్నపిల్ల, తెలీక చేసింది. దాని తరపున నేను..." అని వంగబోయాడు, రూతు కాళ్ళ వైపు.

గట్టు మీద ఆశ్రిత తల వంచుకుని నిలబడింది. ఆ హాల్లో నిలబడినట్టే. చెప్పుల వైపే చూసుకుంటూ.

"ఆ పిల్ల కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నేను. నేనే చెప్పినా, నా కొడుకు సచ్చినాడని. గెజిటు కాగితం నా సంచిలోనే ఉండె. చేత్తో తాకి కూడా తియ్యలేదు. నిన్న సాయంత్రం కూడా నా మనవరాలు నా తప్పు మొయ్యంగా చూస్తా కూర్చున్నా."

చాట చేతిలో ఉండగానే మొత్తం చెప్పాను. కుర్చీ సంగతి, కాకి సంగతి, చక్కెర సంగతి.

తిప్పయ్య నన్ను చూశాడు. "నువ్వామ్మా?" అన్నాడు. "ఆ పేరుకు సాక్షి సంతకం పెట్టినదానివి నువ్వే గదా."

అంతే అన్నాడు. దానికి మించి వాడు అనలేదు, నేను బతికున్నన్నాళ్ళూ దానికి మించి ఎవరూ అనక్కర్లేదు.

రూతు ఎద్దు మెడ మీది నుంచి చెయ్యి తీసింది. "మా జయరామును కూడా ఒకసారి కాకి తన్నె పెద్దమ్మా" అంది, నెమ్మదిగా. "వాళ్ళ అక్కకు పోయినాడని కబురంపినాం. పొద్దు గుంకక ముందే మల్ల నిజం చెప్పినాం. పిడుగు పడినంక రెండోసారి పోయినాడని కబురంపితే ఆయమ్మ నమ్మలేదు. మల్ల చెప్పండి, ఎప్పుడు చెప్తారు నిజం అని పొద్దు గుంకేదాకా కాసుకోనుండె."

నేను చాటను గుండెలకు అదుముకున్నాను. నేలలోకి పోయే దారి ఉంటే పోయేదాన్ని.

తిప్పయ్య మూసిన పిడికిలి ముందుకు చాపాడు. "రూతమ్మా, నీ చేను. నీ మాట. ఈ చేత్తో విత్తమంటావా, వద్దంటావా?"

ఎండ ఎక్కుతోంది. పదును ఆరిపోతే మళ్ళీ ఎప్పటి వానకో. రూతు ఆ పిడికిలి వైపు చూసింది, నా చాట వైపు చూసింది. దుక్కి మీద అడ్డంగా నడిచి గట్టు దగ్గరికి పోయింది. ఆశ్రిత ఒక అడుగు వెనక్కి వేసింది. రూతు దాని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పద. నాతో రా" అంది.

చంద్రిక పడుకున్న ఇంటి వైపు తీసుకుపోయింది. అక్కడ ఏమైందో ఈ పూట చెప్పేది కాదు తల్లీ. మీకొకటి అప్పజెబుతాను. ఈ కథ గుర్తుపెట్టుకుని మీ ఇళ్ళలో చెప్పండి. గ్రామసభ దగ్గర అందర్నీ నవ్వించండి, అది నవ్వాల్సిన చోటే. కానీ బతికున్న నాయనను లేడన్నది కూతురని మాత్రం చెప్పొద్దు. జేజి అన్నదని చెప్పండి. నా పేరు పెట్టే చెప్పండి. బయమ్మ. మూడే అక్షరాలు, మరిచిపోయేంత పొడుగేం కాదు.